ముప్పై ఆరు ఫొటోల రీల్లో నలభై నాలుగు

రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో మేం ముగ్గురం కోనసీమకు బయల్దేరడానికి కారణం కోనసీమ అందాలు కావు. విశ్వనాథం గారి ఫ్రిజ్‌లో తొమ్మిది ఫిలిం రీళ్లు మిగిలిపోయాయి. వాటి గడువు మార్చితో తీరిపోతుంది. వంకాయలు వాడిపోతుంటే ఎవరైనా కూర వండుకుంటారు. మేం ప్రయాణం పెట్టుకున్నాం.

మా సంఘం పేరు 'వెండి రేణువు మిత్రమండలి'. హైదరాబాదులో రిజిస్టరు ప్రకారం ఏడుగురం, కనిపించేది ముగ్గురం. అధ్యక్షులు విశ్వనాథం గారు రైల్వే అకౌంట్సులో చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఆయన కన్నా వయసులో పెద్దదైన జర్మనీ కెమెరా ఉంది. మురళి కంప్యూటర్ల కంపెనీలో ఇంజనీరు. పగలంతా తెరలు చూసి జీతం తీసుకుని, సాయంత్రం తెరలను తిడతాడు. నేను స్కూల్లో డ్రాయింగు మాస్టారిని. లోకమంతా డిజిటల్ కెమెరాలు కొనుక్కుంటున్న రోజుల్లో మేం వాటిని ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఒక దృశ్యానికి ఒకటే ఫొటో. ఒకరు తీస్తుంటే రెండోవారు అదే తీయకూడదు. ఒక నెగటివ్‌కి ఒకటే ప్రింటు. "రెండోసారి నొక్కేవాడు మొదటిసారి సరిగ్గా చూడలేదన్నమాట" అని విశ్వనాథం గారు ప్రతి సమావేశంలోనూ అంటారు. మేం తలూపుతాం.

ఇక్కడే నా తప్పు కూడా ఒప్పుకుంటాను. నా సంచి అడుగున, తువ్వాలులో చుట్టి, మా బావమరిది ఇచ్చిన చిన్న డిజిటల్ కెమెరా ఉంది.

శుక్రవారం సాయంత్రం సికింద్రాబాదులో రైలెక్కాం. ఎదుటి సీట్లో కాకినాడ వెళ్తున్న పెద్దాయన మనవడిని ఆడిస్తుంటే మురళికి ముచ్చటేసి ఒక ఫొటో తీశాడు. "ఏదండీ, చూపించండి" అని ఆయన చెయ్యి చాపాడు. "ఇప్పుడు కనపడదండీ. రెండు వారాలు పడుతుంది" అన్నాడు మురళి. ఆయన కెమెరా వైపు జాలిగా చూసి, "రిపేరు చేయించలేకపోయేరా?" అన్నాడు. విశ్వనాథం గారు అటు తిరిగి పడుకున్నారు.

శనివారం ఉదయం ఆరున్నరకు రాజమండ్రి. స్టేషను బయట ఇడ్లీ బాగుంది, కాఫీ సంగతి మాట్లాడుకోవద్దు. ఏడుంపావుకు రావులపాలెం బస్సు దొరికింది. మా వెనక వచ్చేవారు ఎడమవైపు కిటికీ పట్టుకోండి, గోదావరి ఆ పక్కనుంచి బాగా కనిపిస్తుంది. విశ్వనాథం గారు కెమెరాలో రీలు ఎక్కించే పని బస్సులోనే పెట్టుకున్నారు. అది మా మండలిలో ఒక తంతు. ముందు శాలువా కప్పుకోవాలి, తర్వాత రీలు కొనను చుట్టే ఇరుసులో దూర్చాలి, రెండు పళ్లకు తగిలిందో లేదో వేలితో తడమాలి. ఆయన తడుముతూ ఉండగానే కండక్టరు "వంతెనండీ, గోదారి సూసుకోండి" అని కేకేశాడు. ఆయన గబుక్కున మూత వేసేసి కిటికీలోంచి మొదటి ఫొటో తీశారు. ఆ తొందర గుర్తుపెట్టుకోండి.

రావులపాలెం అరటి మార్కెట్లో గంటసేపు ఆగాం. గెలలు మోసే మనిషి ఒకాయన ఫొటో తీయించుకుని, "ఇంకోటి లాగండి బాబూ, ఈసారి గెల నెత్తిమీదెట్టుకుంటాను" అన్నాడు. విశ్వనాథం గారు చేయి అడ్డంగా ఊపి ముందుకు నడిచారు. ఆ మనిషి ఏం తప్పు చేశాడో తెలియక నా వైపు చూశాడు. నాకు సిగ్గేసింది గానీ నేనూ నడిచాను. కొత్తపేట మీదుగా అమలాపురం చేరేసరికి పదిన్నర. బస్టాండు దగ్గరే లాడ్జి దొరికింది. గది ఫర్వాలేదు, దోమలు స్థానికులు.

పన్నెండున్నరకు లాడ్జి వెనక వీధిలో భోజనానికి వెళ్లాం. సత్యవేణి అనే ఆవిడ ఇంటి అరుగు మీదే మెస్సు నడుపుతోంది. వయసు ముప్పై ఉంటుంది. పనసపొట్టు కూర ఆవ పెట్టి చేసింది. విశ్వనాథం గారు మూడుసార్లు వేయించుకున్నారు. భోజనాల్లో ఆయనకు రెండోసారి మీద పట్టింపు లేదు. చేతులు కడుక్కుంటుంటే ఆవిడ మా మెళ్లో కెమెరాలు చూసి దగ్గరకొచ్చింది.

"బాబుగారూ, ఒక్క ఫొటో తీసిపెడతారాండీ? రేపు సాయంత్రం మస్కట్టు ఎల్లిపోతన్నానండీ, వంటపనికి. రెండేళ్లదాకా రాను. మా పిల్లా నేనూ కలిసున్నది ఒక్కటీ లేదండి."

"ఊళ్లో స్టూడియోలు ఉన్నాయి కదమ్మా" అన్నాను.

"ఆయ్, ఉన్నాయండీ. ఆళ్లు నీలం గుడ్డ ముందు నుంచోబెడతారు. నాకు మా ఇల్లు పడాలండీ. ఈ పొయ్యి, ఈ అరుగు, ఆ తలుపు. అక్కడ పడుకునేప్పుడు సూసుకోడానికండీ."

విశ్వనాథం గారు కెమెరా మీద చెయ్యి వేశారు. "అమ్మా, ఈ కెమెరాలో పడిన మొహం నూరేళ్లుంటుంది. రేపు మూడింటికల్లా నీ చేతిలో ఫొటో పెడతాను" అన్నారు. ఉత్త మాట కాదు. ఫిలిం కడిగే డబ్బా, మందులు ఆయన పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. గడియారస్తంభం దగ్గర స్టూడియో ఆయన అటకమీది పాత ఎన్‌లార్జరు దింపి ప్రింటు వేసిస్తానని అప్పటికే ఒప్పుకున్నాడు.

సత్యవేణి చీర మార్చుకుని వచ్చింది. ఏడేళ్ల కూతురు దేవికి తడి చేత్తో తల దువ్వింది. విశ్వనాథం గారు మీటరుతో వెలుతురు కొలిచారు. పొయ్యి దగ్గర కొలిచారు, పిల్ల బుగ్గ దగ్గర కొలిచారు, మళ్లీ పొయ్యి దగ్గర కొలిచారు. పావుగంటయింది. వాళ్లిద్దరూ నవ్వి నవ్వి అలిసిపోయారు. నేను వెనక నీళ్లగోలెం పక్కన నిలబడ్డాను. ఈ ఫొటో పడదేమోనని ఎందుకో భయమేసింది. తువ్వాలు చాటున డిజిటల్ కెమెరా పెట్టి గుడ్డిగా ఒకటి నొక్కాను. అప్పుడే ఆయన కూడా నొక్కారు.

"ఇంకోటి తియ్యండి బాబుగారూ, పిల్ల కళ్లు మూసిందేమో" అంది సత్యవేణి.

"అక్కర్లేదమ్మా. నేను చూశాను" అన్నారాయన.

మధ్యాహ్నం ఆటోలో అల్లవరం వైపు రొయ్యల చెరువుల మీదికి పోయి, మర్నాడు తెల్లవారుతూనే రాజోలు మీదుగా అంతర్వేది చేరాం. సముద్రం, నది కలిసేచోట పడవలు సర్దుకుంటున్నాయి. తొమ్మిదింటికి విశ్వనాథం గారి కెమెరా మీద అంకె ముప్పై ఆరు చూపించింది. ఆయన రీలు ముందుకు జరిపే లీవరు లాగారు. ముప్పై ఏడుకు వెళ్లింది. ఆయన మొహం వెలిగింది.

"చూశారా, పొదుపంటే ఇది. కొన వృథా కాకుండా ఎక్కించానన్నమాట."

ముప్పై తొమ్మిది దగ్గర మురళి వచ్చి అభినందించాడు. నలభై ఒకటి దగ్గర ఒక పడవాయన, "పెద్ద రీలాండీ?" అని అడిగాడు. "రీలు మామూలుదే, చెయ్యి పెద్దది" అన్నారు విశ్వనాథం గారు. ఫిలిం కెమెరా పట్టుకున్న ఎవడికైనా నలభై దాటితే గుండె జారాలి. కెమెరా పైన రీలు వెనక్కి చుట్టే మీట ఒకటుంటుంది. లీవరు లాగినప్పుడల్లా అది తిరగాలి. అది తిరగడం లేదని నేను చూశాను, మురళీ చూశాడు. అధ్యక్షులవారికి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. నలభై నాలుగు దగ్గర ఆయనే ఆపారు, ఎక్కువ ఆశపడకూడదని.

రెండింటికి లాడ్జికి చేరాం. మందులు చల్లగా ఉండాలి కాబట్టి చేపల దుకాణం నుంచి ఐసు తెప్పించారు. ఆ ఐసు అంతకుముందు రొయ్యలతో కాపురం చేసింది, బాత్రూమంతా అదే వాసన. రెండున్నరకు విశ్వనాథం గారు డబ్బా తెరిచి ఫిలిం బయటకు లాగారు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా అద్దంలా తెల్లగా ఉంది, ఒక్క బొమ్మా లేదు. అంచున కంపెనీవాడు వేసిన అంకెలు మాత్రం ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా చక్కగా వచ్చాయి. బస్సులో కొన ఇరుసుకు తగల్లేదు. రీలు రెండు రోజులూ కదలకుండా కూర్చుంది.

ఆయన బాత్రూము గడప మీద కూలబడ్డారు. "ఆ అమ్మాయికి ఏం చెప్పను మాస్టారూ?" అన్నారు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

సంచి తెరిచి తువ్వాలు విప్పాను. సరిగ్గా అప్పుడే మురళి కూడా తన సంచిలోంచి పాత సాక్సు తీసి అందులోంచి ఒక డిజిటల్ కెమెరా లాగాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. విశ్వనాథం గారు ఇద్దర్నీ చూశారు. "ద్రోహులు" అన్నారు. ఆ వెంటనే, "ఏదీ, చూపించండి" అన్నారు.

రెండింటిలోనూ సత్యవేణి ఉంది. మురళి తీసినదాంట్లో సగమే ఉంది. నాదాంట్లో ఆవిడ, పిల్ల, పొయ్యి, అరుగు, తలుపు అన్నీ పడ్డాయి. ఇద్దరూ పకపకా నవ్వుతున్నారు. ముందు భాగంలో, ఫొటోలో మూడోవంతు ఆక్రమించి, కెమెరా మీదికి వంగిన విశ్వనాథం గారి వీపు, పంచె, ఆ కింది భాగం ఉన్నాయి. వాళ్లు నవ్వింది దాన్ని చూసే.

మూడింటికి మెస్సు దగ్గరకు పరిగెత్తాం. తాళం. "ఏజెంటు ఫోన్ సేసేడండీ, బస్సు తొందరగా వస్తాదని. రావులపాలెంలో ఎక్కాలంట. మీకోసం సూసి సూసి ఇప్పుడే ఎల్లేరు" అంది పక్కింటావిడ. టాక్సీ మాట్లాడుకున్నాం.

నాలుగుంపావుకు రావులపాలెం. బస్టాండు ఎదురుగా పది నిమిషాల్లో ఫొటో వేసిచ్చే దుకాణం ఉంది. ఒక ప్రింటు తీయించాం. అలవాటు ప్రకారం ఒకటే. సత్యవేణి పెట్టె పక్కన నిలబడి ఉంది. పిల్లను చూసుకోబోయే వాళ్లక్క, దేవి పక్కన ఉన్నారు. విశ్వనాథం గారే ముందుకెళ్లారు.

"తప్పయిపోయిందమ్మా. నా కెమెరాలో రీలు తిరగలేదు. నువ్వు ఇంకోటి తియ్యమన్నావు, నేను వినలేదు. ఇది మా మాస్టారు దొంగతనంగా తీసింది. మధ్యలో నేను అడ్డంగా ఉన్నాను."

ఆవిడ ఫొటో అందుకుని చాలాసేపు చూసింది. పొయ్యి మీద వేలు పెట్టింది, తలుపు మీద పెట్టింది. కళ్లు తుడుచుకుని నవ్వింది. "అడ్డమేంటండీ. మీరున్నారు గాబట్టే మేం అలా నవ్వేం. బాగుందండీ."

దేవి చెయ్యి చాపింది. "మా అమ్మ కన్నా ఈ తాతగారే పెద్దగా ఉన్నారు. నాకియ్యి."

"ఇది అమ్మ పట్టుకెళ్లాలమ్మా" అంది సత్యవేణి అక్క.

"మరి నాకూ?"

బస్సు వచ్చేసింది. విశ్వనాథం గారు నా వైపు తిరిగి, "ఆ చిప్పు ఇలా ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. జన్మలో మొదటిసారి పట్టుకున్న మెమొరీ కార్డును నెగటివ్‌లా అంచులు పట్టుకున్నారు. వెలుతురు తగలకూడదనుకున్నారో ఏమో, నల్ల ఫిలిం డబ్బాలో వేసి మూత పెట్టారు. అరవై నాలుగేళ్ల మనిషి లారీల మధ్యనుంచి పంచె ఎగ్గట్టి దుకాణానికి పరిగెత్తారు. మురళి వెళ్లి డ్రైవరును బతిమాలుకున్నాడు. "రెండు నిమిషాలేనండీ" అన్నాడు డ్రైవరు. ఎనిమిది ఆగాడు.

ఆయన రొప్పుతూ వచ్చి ఇంకా వెచ్చగా ఉన్న ఫొటోను దేవి చేతిలో పెట్టారు. సత్యవేణి కిటికీలోంచి తన ఫొటో చూపించింది. దేవి కింద నుంచి తనది ఎత్తి చూపించింది. బస్సు మలుపు తిరిగేదాకా పిల్ల చెయ్యి దించలేదు.

రాత్రి రాజమండ్రిలో రైలు దొరికింది. కోనసీమ వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. పనసపొట్టు కూర తినండి, కెమెరా మూత వంతెన మీద వేయకండి, ఇంకోటి తియ్యమని ఎవరైనా అడిగితే తియ్యండి. తక్కిన ఎనిమిది రీళ్లలో ఏముందో మా మండలి ఇంకా కడిగి చూడలేదు.

నిడదవోలు దాటాక విశ్వనాథం గారు నా కెమెరా అడిగి తీసుకున్నారు. చిన్న తెరమీద తన వీపును అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. చెరిపేస్తారేమోనని భయపడ్డాను.

"మాస్టారూ, నాకూ ఒకటి వేయించండి" అన్నారు.