నూట అరవై నాలుగు పాఠాల వరుస

2019 జూన్. విజయవాడ గవర్నర్‌పేటలో నా రిపేరు షాపుకి అప్పటికి ఇరవై రెండేళ్లు. టేప్ రికార్డర్లతో మొదలుపెట్టాను. తర్వాత సీడీ ప్లేయర్లు, ఆ వెనక అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయర్లు వచ్చాయి. క్యాసెట్‌లో పది పాటలు పట్టే కాలం పోయి వందల పాటలు గుప్పిట్లోకి వచ్చేసరికి కాలేజీ పిల్లలు ఎగబడి కొన్నారు. కొన్నేళ్లు తిరక్కుండానే ఫోన్లు వాటిని మింగేశాయి. ఆ ఏడు నా బల్ల మీదికి వచ్చిన ఎంపీత్రీ ప్లేయరు ఒకే ఒక్కటి.

దాన్ని తెచ్చినామె పేరు సుభాషిణి. ఇరవై ఆరేళ్లుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. ఉయ్యూరు నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. బ్యాంకు ఉద్యోగం పరీక్షకి చదువుతోంది, ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. వాళ్ల వదిన రెండేళ్లపాటు మధ్యాహ్నం పూట పుస్తకాలు పైకి చదువుతుంటే ఈమె ఆ ప్లేయర్‌లోనే రికార్డు చేసుకుంది. ఇప్పుడా వదిన పురిటికి మైలవరం, పుట్టింటికి వెళ్లింది. మళ్లీ చదివిపెట్టే మనిషి లేదు. ప్లేయరేమో మధ్యలో ఆగిపోతోంది, బటన్ ఒక్కోసారి పలకడం లేదు.

పాఠాలన్నీ ఫోన్‌లోకి ఎక్కించి ఇవ్వనా అని అడిగాను. ఫోన్ వాడతాను గానీ చదువుకి ఇదే కావాలంది. బస్సులో నిలబడి కూడా, బ్యాగులో చెయ్యి పెట్టి ఒక్క వేలితో కావలసిన పాఠానికి వెళ్లిపోతానని చెప్పింది. ఆ మాట నేను సరిగా చెవిన పెట్టలేదు.

బటన్ కింద తుప్పు గీకి, బ్యాటరీ మార్చాను. మెమరీలో కూడా తప్పులున్నాయని కంప్యూటర్ చూపించింది. పాఠాలన్నీ కంప్యూటర్‌లోకి తీసి, ప్లేయర్‌ని ఫార్మాట్ చేశాను. అంటే లోపలున్నదంతా తుడిచి కొత్తదానిలా చెయ్యడం. తర్వాత అన్నిటినీ ఒకేసారి తిరిగి ఎక్కించాను. నూట అరవై నాలుగు ఫైళ్లు, ఒక్కటీ పోలేదు. సాయంత్రం ఆమె వచ్చి తీసుకెళ్లింది. పని శుభ్రంగా చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున షాపు తీయడానికి వెళ్తే మెట్ల మీద కూర్చుని ఉంది.

"అన్నీ ఉన్నాయండీ. ఏది ఎక్కడుందో మాత్రం తెలియట్లేదు," అంది.

అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. అలాంటి చిన్న ప్లేయర్లు కొన్ని ఫైలు పేరు చూడవు, తేదీ చూడవు. మెమరీలో ఏది ముందు నమోదైతే దాన్నే ముందు పాడతాయి. ఒకటి చెరిపి ఇంకోటి రికార్డు చేస్తే, ఆ ఖాళీలో కొత్తది వచ్చి కూర్చుంటుంది. సుభాషిణి రెండేళ్లుగా చెరుపుతూ, నింపుతూ తనకంటూ ఒక వరుస కట్టుకుంది. మొదటినుంచి పదకొండుసార్లు నొక్కితే వడ్డీ లెక్కలు, ఇంకో ఆరుసార్లు నొక్కితే శాతాలు. ఆ వరుస ఆ ప్లేయర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అన్నిటినీ ఒకేసారి ఎక్కిస్తే కంప్యూటర్ పేర్ల వరుసలో పంపేసింది. ఆమె వరుసని తుడిచేసింది నేను.

తప్పు నాదేనమ్మా అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒళ్లో ఉన్న తెల్లకర్రని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"వరుస నాకు గుర్తుందండీ. నేను చెప్తాను, మీరు ఎక్కించండి."

వేరే పనులన్నీ పక్కన పెట్టేశాను. ప్లేయర్‌ని మళ్లీ ఖాళీ చేశాను. కంప్యూటర్‌లో ఒక్కో ఫైలూ కొంచెం వినిపిస్తే అదేమిటో ఆమె చెప్పేది, నేను కాగితం మీద రాసుకునేవాణ్ని. వదిన గొంతు వెనక కుక్కర్ కూతలు, గేదె అరుపులు కూడా వినిపించేవి. కొన్నిటిని ఆమె వాటితోనే గుర్తుపట్టింది. అన్నీ గుర్తించేసరికి ఆ రోజు గడిచిపోయింది. రెండో రోజు మొదటి పాఠం నుంచి వరుసగా ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టాం.

తొంభై దాటాక నాకు ఓపిక తగ్గింది. ఒక పాఠం రెండు స్థానాలు ఇవతలికి పడింది. ఆమె నొక్కి చూసి వెంటనే పట్టేసింది. వెనక్కి వెళ్లాలంటే ఆ తర్వాతవన్నీ తీసి మళ్లీ ఎక్కించాలి. ఒకటి అటూ ఇటూ అయితే ఏమవుతుందమ్మా అన్నాను.

"రేడియో విప్పాక స్క్రూలు ఎక్కడ పెట్టారో మీరు వెతుక్కుంటారా? చెయ్యి దానంతటదే వెళ్తుంది కదండీ. నాకూ అంతే."

ఆ పాఠం నుంచి అన్నీ తీసి మళ్లీ ఎక్కించాను. మధ్యాహ్నం మూడింటికి నూట అరవై నాలుగోది పూర్తయింది. ఆమె ప్లేయరు చేతిలోకి తీసుకుని, పదకొండుసార్లు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. వడ్డీ లెక్కలే. ఇంకో ఆరు నొక్కింది. అప్పుడు మొదటిసారి నవ్వింది. నాలుగున్నర బస్సుకి ఉయ్యూరు వెళ్లిపోయింది.

ఆ పరీక్షలో ఆమెకి ఉద్యోగం రాలేదు. ఫోన్ చేసి తనే చెప్పింది. కొద్దిలో పోయిందండీ, మళ్లీ రాస్తానంది. రెండోసారి వచ్చింది. ఇప్పుడు బందరులో ఒక బ్యాంకులో పని చేస్తోంది.

ఇరవై రెండేళ్లు వస్తువులకి ఏం జబ్బు చేసిందో మాత్రమే అడిగాను. మనిషి వాటిని ఎలా వాడుకుంటున్నాడో అడగాలని నాకు తట్టలేదు. ఇప్పుడు షాపుకి ఏది వచ్చినా, స్క్రూడ్రైవర్ తీసే ముందు తెచ్చినవాళ్ల చేతికే తిరిగి ఇస్తాను. "మీరు దీన్ని రోజూ ఎలా వాడతారో ఒకసారి చూపించండి" అంటాను. కొందరు విసుక్కుంటారు. అయినా వాళ్లు చూపించేదాకా నేను మూత విప్పను.