తెరచాప పడవ డబ్బా

ఆ రోజుల్లో అంటే తాతల కాలం అనుకునేరు. మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి జారుతున్న కాలం, అంతే. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో నా గదిలో ఉండేవాళ్ళు ఉద్యోగాలు పోయి ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. ఖాళీ అయిన వాళ్ళ మంచాల మీద నా డబ్బాలు పడుకునేవి. నాకు రెండు పిచ్చులు. ఒకటి మా కోనసీమ యాసలో కథలు రాయడం (చదివేవాళ్ళ కంటే సవరించేవాళ్ళే ఎక్కువ). రెండోది పాతకాలపు చిరుతిళ్ళ డబ్బాలు పోగేయడం. సెలవు రోజున నైఫ్ అనే పాత బజారు పేటలో పాత సామాన్ల కొట్లు గాలించి, తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి చంకన పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. ఆఫీసు పని కూడా గదిలోంచే కాబట్టి వారమంతా నేను మాట్లాడేది దానితోనే.

అలాంటి కొట్లోనే రాజోలు పిన్ని పరిచయమైంది. సొంత పిన్ని కాదు, ఒక అరబ్బుల ఇంట్లో వంటపని చేసే ఆవిడ. సెలవు రోజున నైఫ్‌లో ఉన్న చెల్లెలి గదికి వచ్చేది. నేను తెలుగులో గొణుక్కోవడం విని "ఏ ఊరబ్బాయ్ మీది?" అంది. చెప్పగానే చెల్లెలి గదికి తీసుకెళ్ళి జంతికలు పెట్టింది. నేను జంతికల్ని చూడలేదు, డబ్బాని చూశాను. మూత మీద తెరచాప పడవ, అంచున వెలిసిపోయిన అరబ్బీ అక్షరాలు. వాళ్ళమ్మ కువైట్‌లో పనిచేసినప్పుడు బిస్కెట్లతో సహా ఊరికి తెచ్చిందట. కూతురితో అది మళ్ళీ ఎడారికొచ్చింది. నా చూపు చూసి "డబ్బాతో పట్టుకెళ్ళు" అంది పిన్ని. దక్కిందనుకున్నాను. కడిగి, తుడిచి, మధ్య మంచం మీద పట్టాభిషేకం చేశాను.

వారం తిరక్కుండానే ఫోను. "ఏం అబ్బాయ్, డబ్బా ఏదీ?"

"ఇచ్చేశారనుకున్నానండి పిన్నిగారూ..."

"జంతికలిచ్చాను గానీ డబ్బా ఇత్తానా! మా అమ్మది అది."

ఏడవలేక నవ్వుతూ తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. మూత తీసి చూసి ఆవిడ ముఖం మాడ్చుకుంది. "ఖాళీ డబ్బా ఎవరైనా ఇత్తారా? ఏదోటేసి తే!" మళ్ళీ నా చేతికే వచ్చింది. మరుసటి వారం ఖర్జూరాలు పోసి తీసుకెళ్తే, "కొట్లోవా? నీకు చేతుల్లేవా?" అంటూనే డబ్బా నిండా సున్నుండలు పెట్టి పంపింది. అంటే మళ్ళీ నేను నింపాలి.

అలా నాకు వంట పట్టుకుంది. చేగోడీలు నూనెలో టపటపా పేలుతుంటే, ఎడం చేత్తో కుక్కర్ మూత డాలులా పట్టుకుని, కుడి చేత్తో చిల్లుల గరిటె తిప్పేవాణ్ణి. ఒకసారి పొగకి అలారం మోగి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "క్యా పకా రహే హో భాయ్? యల్లా, ఖిడ్కీ ఖోలో!" అంటూ కిటికీలన్నీ తెరిపించాడు. మిగిలిన చేగోడీలు పిన్నికిచ్చాను. ఆవిడ ఒకటి కొరికి, దవడ పట్టుకుని, "రోకలుంటే బాగుణ్ణు" అంది. ఎప్పటికైనా నా వంటకి విసిగి "డబ్బా నువ్వే ఉంచుకో" అనకపోతుందా అన్నది నా ఆశ. అలా అనకూడదని ఎప్పటినుంచి కోరుకోవడం మొదలుపెట్టానో నాకే తెలియదు. సెలవు రోజు దగ్గరపడుతుంటే శనగపిండి ముందే తెచ్చి పెట్టుకునేవాణ్ణి.

ఒక రోజు అననే అంది. "మా కఫీలు అరబ్బోళ్ళు వేరే దేశం వెళ్ళిపోతన్నారబ్బాయ్. నా పని ఖలాస్, ఇంటికెళ్ళిపోతన్నాను. డబ్బా నువ్వే ఉంచేసుకో." నిండా జంతికలున్నాయి. కోరుకున్నది ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఏడ్చాను. మాస్కు ఉండబట్టి పరువు దక్కింది.

ఇప్పుడు నా డబ్బాలకి అద్దాల బీరువా ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వను. పడవ డబ్బా మాత్రం వంటింట్లో ఉంటుంది, నిండా చేగోడీలతో (ఇప్పుడు పేలవు). మొన్న పక్క ఫ్లాట్‌లోకి ఒంటరిగా దిగిన తెలుగాయనకి దాంతోనే ఇచ్చాను. పాపం, మర్యాదస్తుడు, మర్నాడే శుభ్రంగా కడిగి తెచ్చి "థాంక్సండి" అన్నాడు. మూత తీసి చూశాను.

"ఖాళీ డబ్బా ఎవరైనా ఇత్తారాండీ? ఏదోటేసి తెండి!"

ఆయన తెల్లమొహం వేసుకుని డబ్బాతో వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి గోడవతల మూకుడు పెట్టిన చప్పుడు వినిపించింది. కుక్కర్ మూత ఇచ్చి రావాలనిపించింది గానీ, తలుపు దగ్గరే నవ్వుకుంటూ నిలబడిపోయాను.