తోడల్లుడి వెచ్చని నేల

ఆ రోజుల్లో నాకు అసూయ అంటే ఏమిటో తెలియదనుకునేవాణ్ణి. ఆఫీసులో నా తర్వాత చేరినవాడు నాకే మేనేజరైతే నవ్వుతూ కేకు తిన్నాను, రెండో ముక్క కూడా అడిగి తిన్నాను. అంతటి పెద్దమనిషిని, ఒక శీతాకాలం పొడుగునా ఒక ఇంటి నేలను చూసి కుళ్ళిపోయాను. (ఇంటిని చూసి కాదు. అచ్చంగా నేలనే.) ఆ నేల మా తోడల్లుడిది.

అప్పుడు మేము కాలిఫోర్నియాలో, సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక పాత డూప్లెక్స్‌లో అద్దెకుండేవాళ్ళం. మా ఆవిడ అక్కా బావా శాన్ రామన్‌లో ఇల్లు కొని, ఉన్న నేలంతా తీయించి హైడ్రానిక్ హీటింగ్ పెట్టించుకున్నారు. అంటే పలకల కింద మెలికలు తిరిగిన గొట్టాలు, వాటిలో బాయిలర్ నుంచి వచ్చి తిరిగే వేడినీళ్ళు. ఎవరు వెళ్ళినా మా తోడల్లుడు మంచినీళ్ళైనా ఇవ్వకముందే గుమ్మంలో ఆపేసేవాడు. "షూస్ ఒక్కటే కాదు తమ్ముడూ, సాక్స్ కూడా తీసెయ్. ఉత్తి కాళ్ళతో ఫీలవ్వాలి" అనేవాడు. ఆ తర్వాత ఉపన్యాసం. "చప్పుడు వినిపిస్తోందా? ఉంటేగా! గాలి కొట్టదు, దుమ్ము లేపదు, ముక్కు ఎండిపోదు. ఏ రూమ్ కావాలంటే ఆ రూమే ఆన్ చేసుకోవచ్చు. బిల్ కూడా తగ్గింది." అందులో ఒక్కటైనా అబద్ధమైతే నాకు కొంత శాంతిగా ఉండేది. అన్నీ నిజాలే కావడంతో ఒళ్ళు మండేది. "బావుందన్నయ్యా" అని ముక్తసరిగా అంటూ ఉంటే, నా పాదాలు మాత్రం సిగ్గు లేకుండా ఆ పలకలకి అతుక్కుపోయేవి. మా ఇంట్లోనేమో హాలు నేలలో ఇనప జాలీ బిగించిన ఒక కన్నం ఉండేది. హీటరు వేస్తే అందులోంచి బుస్సుమని వేడిగాలి వచ్చేది. జాలీ దగ్గర నిలబడితే పంచె కాలుతుందేమోనని భయం, నాలుగడుగులు పక్కకి జరిగితే వణుకు.

అయినా అదంతా సర్దుకునేవాణ్ణే. కానీ ఆ ఏడు మా అత్తగారు ఇండియా నుంచి ఆరు నెలలుండడానికి వచ్చారు. మూడు నెలలు పెద్దమ్మాయి దగ్గర, మూడు నెలలు మా దగ్గర అని ఒప్పందం. మొదటి మూడు నెలలూ అయిపోయాయి. ఆవిడ రారే! మా ఆవిడకి అప్పుడు అయిదో నెల, అమ్మ వస్తుందని రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఒకరోజు ఫోన్ పెట్టేసి, "ఇంకో వారం ఆగి వస్తుందట. అక్కడ కింద కూర్చుని కూరలు తరిగినా మోకాళ్ళు నొప్పెట్టడం లేదట" అంది. ఇంకో వారమన్నది మూడుసార్లయింది. నేను తోడల్లుడి గొట్టాలన్నిటినీ పేరుపేరునా తిట్టుకున్నాను.

చివరికి ఒక శనివారం నేనే వెళ్ళి తీసుకొచ్చాను. చేతిలో చిన్న సంచీ తప్ప ఏమీ లేదు, పెద్ద సూట్‌కేసు శాన్ రామన్‌లోనే ఉండిపోయింది. "రెండ్రోజులుండి చూస్తాను బాబూ" అన్నారు. కారులో మళ్ళీ, "ఈ చలికి మీ ఇంట్లో పిండి పులుస్తుందా? అక్కడైతే గిన్నె అలా నేల మీద పెడితే చాలు, తెల్లారేసరికి పొంగిపోతోంది" అన్నారు పాపం, మామూలుగానే. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. సూట్‌కేసు రావడమా, సంచీ వెళ్ళిపోవడమా అన్నది రేపటి ఇడ్లీల మీదే ఉందని తేల్చేసుకున్నాను. మా ఆవిడ పిండి రుబ్బి, ఆ కాస్త వెచ్చదనానికి పులుస్తుందని ఓవెన్‌లో లైటు వేసి పెట్టింది. అందరూ పడుకున్నాక నేను ఆ గిన్నెని తీసి, సరిగ్గా జాలీ మీద పెట్టి, హీటరు బాగా పెంచి, ఘనకార్యం చేసినవాడిలా నిద్రపోయాను. (గిన్నె అంచుదాకా నిండుగా ఉందన్న సంగతి ఇంజనీరునైన నాకు తట్టలేదు.)

పొద్దున్నే ఇల్లంతా మాడిన అట్టు వాసన. పడగ్గదిలో, బాత్రూమ్‌లో, ఆఖరికి బట్టల అల్మారాలో కూడా. పిండి పొంగింది, శాన్ రామన్‌లో ఏనాడూ పొంగనంతగా పొంగింది. పొంగి, జాలీలోంచి కిందికి దిగి, రేకు గొట్టంలో పెళుసుగా కాలి, గాలితోపాటు తెల్లటి పెచ్చులుగా హాల్లో ఎగురుతోంది. మంకీ క్యాప్ పెట్టుకుని, అట్లకాడతో జాలీ గోకుతూ అత్తగారికి దొరికిపోయాను.

"ఇదేంటి బాబూ?"

అబద్ధం తట్టలేదు. "వాళ్ళ నేల కంటే మా నేల మీదే బాగా పొంగాలని, అత్తయ్యగారూ..."

ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసి, అక్కడే కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. వెనకాలే మా ఆవిడ, పొట్ట పట్టుకుని.

గొట్టం బాగు చేసేవాడు నాలుగు రోజులదాకా రానన్నాడు. అప్పటిదాకా హీటరు లేదు. ఒక చిన్న ఎలక్ట్రిక్ హీటరు కొనుక్కొచ్చి, ముగ్గురం పడగ్గదిలో దాని చుట్టూ చేరాం. అక్కడే అట్లు తిన్నాం, అక్కడే పుట్టబోయే బిడ్డకి పేర్లు పెట్టి కొట్లాడుకున్నాం. మూడో రోజు నేను సిగ్గుపడుతూ, "అక్కడే నయం కదూ మీకు" అన్నాను. ఆవిడ కాళ్ళకి శాలువా చుట్టుకుంటూ, "అక్కడ ఇల్లంతా వెచ్చనే బాబూ. అందుకే ఎవరి గదిలో వాళ్ళుంటారు. నేనూ నా మోకాళ్ళూ కబుర్లు చెప్పుకునేవాళ్ళం" అన్నారు. ఆ సాయంత్రమే పెద్ద కూతురికి ఫోన్ చేసి పెట్టె పంపించమన్నారు. మా తోడల్లుడు సూట్‌కేసు మోసుకొచ్చి గుమ్మంలో ముక్కు ఎగబీల్చి, "ఏంటి తమ్ముడూ, ఈ వాసన?" అన్నాడు. "లోపలికి రా అన్నయ్యా. సాక్స్ మాత్రం తీయకు" అన్నాను, జీవితంలో ఎన్నడూ లేనంత దర్జాగా.

ఇప్పుడు మాకూ సొంత ఇల్లుంది, నేల కింద గొట్టాలున్నాయి. మా తోడల్లుడు చెప్పినదంతా నిజమే. వచ్చినవాళ్ళచేత నేనూ సాక్స్ తీయిస్తున్నాను. ఆనాడు కడుపులో ఉన్న మా అమ్మాయి మేడ మీద తలుపేసుకుని, "డాడ్, నా రూమ్ వామ్‌గానే ఉంది" అని అక్కణ్ణుంచే అరుస్తుంది. అసూయ నాకింకా పోలేదు. కాకపోతే ఇప్పుడది ఆనాడు జాలీ గోకిన ఆ మంకీ క్యాప్ కుర్రాడి మీద. అత్తగారు ఇప్పుడు అంతదూరం ప్రయాణం చేయలేరు. వీడియో కాల్‌లో నవ్వు ఆపుకుంటూ, "పిండి పొంగుతోందా బాబూ?" అని అడుగుతారు.

"బ్రహ్మాండంగా పొంగుతోందత్తయ్యగారూ" అంటాను. "ఒక్క చుక్క కూడా పొర్లడం లేదు."