దారం కట్టని మేస్త్రి

ఆళ్లగడ్డలో బేతంచెర్ల బండలు పరిచే బాలస్వామి వరస తిన్నగా రావడానికి ఏనాడూ దారం కట్టి పనిచేయలేదు. నేలకు గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "సక్కగుంది లే" అనేవాడు. నిజంగానే ఉండేది. పందొమ్మిదొందల ఎనభై నాలుగు ఎండాకాలంలో అతని ఎడమకాలు ఈడ్చుకుపోవడం మొదలైంది. నంద్యాల డాక్టరు మెదడులో వాపని మాత్రలిచ్చాడు. వారం తిరక్కుండా మనిషి లేచి తాపీ పట్టాడు. చర్చి సంఘం దాన్ని దేవుడి అద్భుతమంది. మాత్రల సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రార్థన కూడికలో లేచి దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పమంటే బాలస్వామి ఒప్పుకోలేదు. దానికి బదులు చర్చికి కూలి లేకుండా బండలు పరుస్తానన్నాడు.

పని సగంలో ఉండగా, నయమైందని డాక్టరు మాత్రలు ఆపాడు. ఆ తర్వాతి వరసలు కొంచెం కొంచెంగా ఎడమకు ఒరుగుతూ పోయాయి.

"ఏందయ్యా, వంకర పోతాండావే?" అంది భార్య లూదియా.

"నీ కన్నే వంకర!"

ఆమె గోడ నుంచి గోడకు దారం లాగి కట్టింది. బాలస్వామి వంగి, వేరేవాడి పనిని చూసినట్టు ఆసక్తిగా చూశాడు. ఒక బండ మీద వేలు పెట్టి, "మాత్రలు ఆపింది ఈడనే" అన్నాడు.

ఈసారి డాక్టరు మద్రాసు పెద్దాసుపత్రికి రాశాడు. వాపులాగే కనబడి, ఆ మాత్రలకు వాపులాగే అణిగి, మళ్లీ లేచే గడ్డ ఒకటుందట, చాలా అరుదట. తల తెరిచి చూస్తే తప్ప తేలదట.

బాలస్వామి మద్రాసు బస్సెక్కే ముందు పాస్టరు వచ్చి, వంకర వరసలు పీకించి సరిచేయిస్తామన్నాడు.

"పీకొద్దయ్యా. వచ్చినాక నేనే పీకుతా," అన్నాడు బాలస్వామి. "ఆ దారం అట్లే ఉండనీ."