ఆర్పకూడని ఆట

ఒసాకాలో మట్టిగోడలకు పూత వేసే తాపీ మేస్త్రీ తొకుజికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి మొద్దుబారింది. ఆ చేతికి కదలిక రావాలని చిన్ననాటి గెంతుడు వీడియో ఆట పెట్టెను అటక మీంచి దింపి, రోజూ ఆ చేతి బొటనవేలితోనే మీట నొక్కుతూ బొమ్మను గోతులు దాటిస్తుంటాడు. బొమ్మ ఎగిరినప్పుడల్లా అతని భుజమూ లేస్తుంది. వేలు ఎంత నొక్కితే బొమ్మ అంతే లేస్తుందనీ, అందులో మోసం లేదనీ అతని గురి. ఆ పాత ఆటలో ఆగినచోటు దాచుకునే వీల్లేదు. తినడానికి లేచినా "ఆర్పొద్దు" అని కాగితం అంటించి, పెట్టెను వెలుగుతూనే వదిలేస్తాడు.

"చివరి కోట దాటానంటే సోమవారం పరంజా ఎక్కుతానే," అన్నాడు భార్య ఫుమితో.

"బొమ్మకి మూడు ప్రాణాలున్నాయి. నీకెన్నున్నాయయ్యా?" అందామె.

ఆదివారం కోట గుమ్మం దాకా వచ్చి, స్నానానికి లేచాడు. తిరిగొచ్చేసరికి తెర మీద బొమ్మ బిగుసుకుపోయి ఉంది.

"ఊడుస్తుంటే మిషను పెట్టెకి తగిలింది, చూసుకోలేదు," అంది ఫుమి. ఆమె చేతిలో ఉన్న మిషనుకు తీగ చుట్ట ఇంకా విప్పనేలేదు. తొకుజి ఆ తీగను చూశాడు. కూర్చుని, ఆట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

"మంగళవారం ఎక్కుతాలే," అన్నాడు.

ఫుమి మిషను పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.