మరియమ్మ కిరీటం కొలత

తొంభైలో వచ్చిన మే నెల తుపానుకి మూడు రోజుల ముందు అయ్యప్ప మరో నలుగురితో కలిసి సముద్రంలో చేపల వేటకి వెళ్లాడు. బోటు తిరిగి రాలేదు. తర్వాత దివిసీమ ఒడ్డున ఇద్దరి శవాలు దొరికాయి. మిగతా ముగ్గురూ ఏమయ్యారో తెలియలేదు.

రెవెన్యూ వాళ్లు మంగినపూడి దగ్గరి ఆ పల్లెకి వచ్చి చనిపోయినవాళ్ల పేర్లు రాసుకున్నారు. నాలుగు పేర్లు రాశారు. ఐదో ఇంటి గుమ్మంలో అయ్యప్ప తల్లి సత్యవతమ్మ అడ్డంగా కూర్చుంది.

"నా కొడుకు పేరు ఆ కాయితం మీద ఎక్కించకండి బాబూ. శవం చూపించండి, అప్పుడు రాసుకుందురుగాని."

రాసుకునే ఆయన లోపల నిలబడ్డ కోడలి వంక చూశాడు. నాగరత్నానికి అప్పుడు ఇరవై రెండేళ్లు. పెళ్లయి పద్నాలుగు నెలలు. ఆమె తలుపు చాటుకి జరిగింది. ఆయన కాగితం మడిచి వెళ్లిపోయాడు.

సత్యవతమ్మ చెడ్డ మనిషేం కాదు. కోడలి మీద ఏనాడూ చెయ్యెత్తలేదు, తిండి దగ్గర తేడా చూపలేదు. చేపల గంప ఎత్తుకుని బందరు వెళ్లినప్పుడల్లా తిరిగి వస్తూ మూరెడు పూలు తెచ్చేది. అవి పెట్టుకోకపోతే మాత్రం ఊరుకునేది కాదు. "వాడొచ్చేసరికి నువ్వు బోసిగా కనపడకూడదు" అనేది. నాగరత్నం రెండు వీధుల అవతలికి వెళ్లినా, "వాడొస్తే ఇంట్లో ఎవరుంటారే?" అని వెనక్కి పిలిచేది. కృత్తివెన్ను నుంచి పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తామన్నారు. "మొగుడున్న పిల్లని మీరెట్లా తీసుకెళ్తారు?" అంది. రెండేళ్లు తిరిగి వాళ్లూ మానుకున్నారు.

పేరంటానికి పిలవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. బొట్టు పెట్టాలో వద్దో వాళ్లకి తెలిసేది కాదు. కొందరు భరిణె ఆమె చేతికే ఇచ్చి పక్కకి చూసేవారు.

నాగరత్నానికి దొరికిన ఆధారం రోల్డ్‌గోల్డ్ పని. చిలకలపూడిలో రామ్‌ప్రసాద్ అనే ఆయన ఇళ్లకి పనిచ్చేవాడు. గుమ్మం దాటక్కర్లేని పని కాబట్టి అత్త ఒప్పుకుంది. గొలుసుల లింకులు కలుపుతూ, లోలాకులకి రాళ్లు పొదుగుతూ ఏడేళ్లు గడిచాయి. చేతికి మంచి పేరొచ్చింది.

తొంభై ఏడులో రామ్‌ప్రసాద్ స్వయంగా ఇంటికొచ్చాడు. బందరులో పాత మరియమ్మ గుడి ఉంది. ఎప్పుడో తెల్లవాళ్ల ఓడలు వచ్చే కాలంలో కట్టిన చిన్న చర్చి. అక్కడి విగ్రహానికి కొత్త కిరీటం చేయిస్తే అది జారి ముక్కు మీదికి వచ్చిందట.

"నాగరత్నం వచ్చి కొలత తీసుకుంటేనే పనవుద్దండీ" అన్నాడు సత్యవతమ్మతో.

ఆమె రెండు చేతులూ జోడించింది. "అమ్మవారి పని. కాదనకూడదు. మధ్యాహ్నానికల్లా వచ్చెయ్" అంది.

ఆ ఏడేళ్లలో నాగరత్నం ఒంటరిగా ఆటో ఎక్కడం అదే మొదలు. గుడిని చూసుకునే మత్తయి అనే ముసలాయన తలుపు తీశాడు. మూరెడు మందం గోడలు, లోపల చల్లగా, మైనం వాసన. ఆమె స్టూలెక్కి విగ్రహం తల చుట్టూ దారం తిప్పి, ముడేసి, దిగింది. దిగుతుంటే గోడలో పాతిన నల్లరాయి కనపడింది. ఏవో అక్షరాలు, కింద చెక్కిన చిన్న ఓడ.

"ఇది ఎవరి సమాధండీ?"

"సమాధి కాదమ్మాయ్. దీని వెనక ఎవరూ లేరు" అన్నాడు మత్తయి. ఆయనకి ఆ భాష రాదు. ఇదివరకటి ఫాదరు గారు చెప్పింది కంఠతా పట్టాడు. "ఒక ఓడ కెప్టెను, పదకొండు మంది మనుషులు. ఇక్కణ్ణించి బయల్దేరి మళ్లీ రాలేదు. ఆయన భార్య పెట్టించిందీ రాయి."

"ఎన్నాళ్లు చూసిందండీ?"

"పోయింది నవంబరులో. రాయి పెట్టించింది మూడో ఏడు ఏప్రిల్లో. రెండు తేదీలూ ఉన్నాయి చూడు."

"శవం దొరక్కుండానే?"

"దొరక్కుండానే. పూజ కూడా చేయించిందంట. తర్వాత ఓడెక్కి వాళ్ల ఊరు వెళ్లిపోయింది."

"తర్వాతెప్పుడైనా వచ్చాడేమో."

"వస్తే రాయి తీసేసేవాళ్లు కదమ్మా."

నాగరత్నం బెంచీ మీద కూర్చుంది. కొలత దారం వేలికి చుట్టుకుంటూ ఆ ఓడ బొమ్మనే చూసింది. మత్తయి మంచినీళ్లు తెచ్చిపెట్టి తన పని చూసుకున్నాడు. ఇంటికి చేరేసరికి మూడు దాటింది. సత్యవతమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఇంతసేపు ఏం చేశావే?"

"ఆయన పోయాడత్తా" అంది నాగరత్నం. "ఆ రోజే పోయాడు."

ఆమె గుడిలో రాయి సంగతి చెప్తుండగానే సత్యవతమ్మ లేచి లోపలికి వెళ్లింది. పది రోజులు కోడలితో మాట్లాడలేదు. కిరీటం తయారై ఇచ్చి రావాల్సిన రోజు మాత్రం, "నేనూ వస్తా" అని బయల్దేరింది. మత్తయి చేత అదంతా మళ్లీ చెప్పించుకుంది. అక్షరాల మీద వేలు పెట్టి చివరిదాకా తడిమింది.

"పెళ్లాం పెట్టించింది. ఈయనకి తల్లి ఉందా?"

"తెలీదమ్మా."

"ఉంటే పెట్టనిచ్చేది కాదు."

తిరిగి వస్తుంటే ఆటోలో, బయటికి చూస్తూనే అంది: "నువ్వు ఏం రాయించుకుంటావో రాయించుకో. నన్ను మాత్రం సాక్ష్యానికి పిలవొద్దు."

రామ్‌ప్రసాద్ ఒక ప్లీడరుని చూపించాడు. కోర్టు చుట్టూ మూడేళ్లు తిరిగితే, రెండు వేల సంవత్సరంలో అయ్యప్ప చనిపోయినట్టు కాగితం చేతికొచ్చింది. నాగరత్నం కృత్తివెన్ను వెళ్లి నెల రోజులు ఉంది. సత్యవతమ్మకి కంటిలో పువ్వు పడిందని, చేతులు కాల్చుకుంటూ అన్నం వండుకుంటోందని ఎవరో చెప్పారు. రమ్మని ఆమె కబురు పెట్టలేదు. నాగరత్నమే వచ్చేసింది.

ఇప్పుడు రోజూ పొద్దున బస్సెక్కి చిలకలపూడి పనికి వెళ్తుంది. ఎక్కడికెళ్లావని అత్త అడగదు. రాత్రి అన్నాల దగ్గర అయ్యప్ప మాట వస్తే ఒకరు "వాడికి ఈ కూర ఇష్టం" అంటారు, ఇంకొకరు "ఇష్టంగా తినేవాడు" అంటారు. ఒకరి మాట ఒకరు దిద్దరు. పోయిన వేసవిలో నాగరత్నం వర్క్‌షాపు పక్కన అద్దెకిచ్చే గది ఒకటి చూసింది. కిటికీ ఉంది, నీళ్లున్నాయి. ఇంటావిడ తాళంచెవి ఇవ్వబోతే, మళ్లీ వస్తానండీ అని చెప్పి ఇంటికెళ్లే బస్సుకి వెళ్లిపోయింది.