రెండు ప్యాకింగుల లెక్క

ఆ రోజుల్లో నాకు అంకెల మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. చాయ్‌లో చక్కెర తగ్గితే హోటలాయన చెంచా మార్చాడేమోనని అనుమానం. పదో తరగతి దాటని నేను పాత పుస్తకాలు పట్టుకుని ఇంజను లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నేర్చుకున్నకొద్దీ అనుమానం పెరిగింది. భూపాలపల్లిలో నేను పనిచేసే షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన నన్ను 'హిసాబ్', అంటే లెక్క, అని పిలిచేవాడు. (అది మెచ్చుకోలు అనుకునేవాణ్ని.)

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. మైకులు అద్దెకిచ్చే ఒకాయన (మాకు మైకన్న) తన పాత పెట్రోల్ జీపు తెచ్చాడు. ఇంజను పైన మూతలా కూర్చునే సిలిండర్ హెడ్ పగిలింది. అది పోత ఇనుముది. మర్నాడు పొద్దున చిట్యాల సభకు పోయే బండ్ల ఊరేగింపులో ఆ జీపే ముందు నడవాలి. ఉస్తాద్ జనగామ పోయి, అదే ఇంజనుకు సరిపోయే అల్యూమినియం హెడ్ గోనెసంచిలో తెచ్చాడు. ఒంటి చేత్తో లేపాను. అనుమానం అక్కడే పుట్టింది.

"ఉస్తాద్, గిది సత్తు గిన్నె తీరుగున్నది. కరగదా?"

"నువ్వు బిగించు హిసాబ్. ఈ ఇంజన్ మొత్తం నీ చేతుల పెడుతున్న. మంచిగ నడిచిందా, రేపటి సంది నువ్వు గూడ మేస్త్రివే."

మూడేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. అయినా ఆయన సాయంత్రం నమాజుకు పోగానే, దవాఖాన సిరంజితో కిరోసిన్ పోసి రెండు హెడ్ల గుంతలూ కొలిచాను. పిస్టన్ కదిలే చోటు నాలుగు వందల సీసీ. దాని పైన మిగిలే చోటు ఇనుప హెడ్‌తో యాభై ఏడు, కొత్తదానితో యాభై. అంటే మునుపు ఎనిమిదింతల గాలిని ఒక్కింతకు నొక్కిన ఇంజను ఇప్పుడు తొమ్మిదింతలను నొక్కుతుంది. అంత ఒత్తిడికి పెట్రోల్ ముందే అంటుకుని ఇంజను టకటకా కొట్టుకుంటుందని నా పుస్తకంలో ఉంది. ఉస్తాద్‌కు ఈ సంగతి తెలియదు, లేదా తెలిసే దాస్తున్నాడు! హెడ్ కింద వేసే ప్యాకింగ్ రేకులు రెండు తెచ్చాడు, ఒకటి వేయడానికి, ఒకటి దాచుకోవడానికి. నేను రెండూ వేసేశాను. ఏడు సీసీ చోటు పెరిగింది, మళ్లీ ఎనిమిదింతలకే వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు ఉస్తాదూ నేనూ కూడా ఎక్కిన ఆ జీపు చిట్యాల పొలిమేర దాకా బాగానే పోయింది. అక్కడ జోడు ప్యాకింగుల సందులోంచి ఇంజనును చల్లబరిచే నీళ్లు సిలిండర్లోకి దిగి, సైలెన్సర్ తెల్లటి పొగ కక్కింది. వెనక మోటారు సైకిళ్ల మీదున్న విద్యార్థులు "టియర్ గ్యాస్ కొట్టిండ్రు రో!" అని పత్తి చేలల్లోకి ఉరికారు. (బందోబస్తుకొచ్చిన పోలీసాయన కూడా వాళ్ల వెంటే ఉరికాడు.) ఇంజను ఆగింది. మైకుకు వేరే బ్యాటరీ ఉంది కనుక మైకన్న ఆగలేదు. "తమ్ముళ్లారా, గది గ్యాస్ కాదు, మన జీపే! జర వచ్చి నెట్టుండ్రి!" అలా నెట్టించుకుంటూనే సభకు చేరాం.

ఉస్తాద్ అక్కడే హెడ్ విప్పాడు. రెండు ప్యాకింగులు చూశాడు, నన్ను చూశాడు.

"ఎవని పని ఇది?" అని గద్దించాడు మైకన్న. నా మేస్త్రి పని అక్కడితో ముగిసిందనుకున్నాను.

"ప్యాకింగ్ ఖరాబున్నదన్నా. తెచ్చింది నేనే," అన్నాడు ఉస్తాద్.

తర్వాత నన్ను వంటల దగ్గరికి తీసుకుపోయి, అప్పుడే పొయ్యి మీంచి దించిన, రొట్టెలు కాల్చే ఇనుప పెంకనూ సత్తు గిన్నెనూ చూపించాడు. "ఏది జల్ది చల్లారుతది?"

"గిన్నె."

"గా హెడ్ గూడ గంతే. వేడిని పట్టుకొని కూసోదు, జల్ది ఇడుస్తది. గందుకే ఎక్కువ నొక్కినా ఓర్సుకుంటది. చోటు కొలిసినవ్, వేడి కొలిసినవా? పో, రెండిట్ల మంచిగున్నది ఒక్కటే పెట్టి కట్టు. నువ్వే కట్టు."

(మళ్లీ నాకే ఎందుకిస్తున్నాడా అని అప్పుడూ అనుమానించాను.) తొమ్మిదింతలు నొక్కుతూ ఆ జీపు ఉద్యమం ముగిసేదాకా ఒక్కసారీ టక్కుమనలేదు.

ఉస్తాద్ ఇప్పుడు లేడు. రాష్ట్రం వచ్చింది, నాకు సొంత షెడ్డు వచ్చింది, అనుమానం మాత్రం ఎటూ పోలేదు. ఇంట్లో రొట్టెల పెంక దించిన కాసేపటికి, నిజంగానే వేడిని పట్టుకుని కూర్చుందా అని వేలు పెట్టి చూస్తాను.

"మల్ల ఏం అనుమానమొచ్చింది?" అంటుంది మా ఇంటావిడ.

"ఏం లేదు," అంటాను, వేలు ఊదుకుంటూ.